బడ్జ్‌బడ్జ్‌లో మంచు పడింది

ఆ ఏడు వానలు ఇంకా పడకముందే మా ఖాల్ నీళ్లు నీలంగా మారాయి.

ఖాల్ అంటే కాలవే. కలకత్తా పక్కన బడ్జ్‌బడ్జ్‌లో మా మిల్లు కూలీల లైను ఇళ్ల వెనక గోడల్ని రాసుకుంటూ పోయి, లాక్‌గేటు దగ్గర గంగలో కలుస్తుంది. మూతపడిన జూట్‌మిల్లు గోడౌన్లలో ఎవరో జీన్సు ప్యాంట్లు ఉతికే కార్ఖానా పెట్టారు. కొత్త ప్యాంటు పాతబడినట్టు కనిపించాలట. అందుకోసం ఆసిడ్లూ బ్లీచింగులూ, ఇంకా పేరు తెలియనివేవో పోసి ఉతుకుతారు. ఉతికిన నీళ్లు లావుపాటి గొట్టంలోంచి నేరుగా మా ఖాల్లో పడతాయి. ఊళ్లో కుర్రకారు చిరుగుల ప్యాంట్లు తొడుక్కోవడానికి మా పిల్లల చర్మం చిరగాలన్నమాట.

నా అన్నమూ ఆ ప్యాంట్లలోంచే వచ్చేది. కంట్రాక్టరు మూటలు తెచ్చి మా గుమ్మంలో పడేస్తాడు. కుట్టుల దగ్గర వేలాడే దారాలన్నీ కత్తిరించి మళ్లీ మూట కట్టి ఇవ్వాలి. మా లైన్లో సగంమంది ఆడవాళ్లది అదే పని. అందుకే మొదట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. చేపలు తేలినప్పుడు మాట్లాడలేదు. పక్కింటి సత్యవేణక్క బాతులు ఒకదాని వెనక ఒకటి మెడలు వాల్చేసినప్పుడు అక్క ఒక్కతే ఏడ్చింది. పిల్లల కాళ్లమీద దద్దుర్లు లేచి, మా అమ్మాయి షెకైనా ఛాతీలోంచి ఈల వేసినట్టు చప్పుడు మొదలయ్యాక మాత్రం ఊరుకోలేకపోయాం. షెకైనాకి అప్పుడు ఎనిమిదేళ్లు.

అందరం కలిసి ఆఫీసులకు వెళ్లాం. చూస్తామన్నారు. కార్ఖానా గేటు దగ్గరికి వెళ్లాం. గేటు తియ్యలేదు.

"టీవీ వోళ్లకి తెలీదు గావాల," అన్నారు మా మావయ్య. "తెలిస్తే రాకుండా ఉంటారేటి?"

మావయ్య అంటే మా ఆయన తండ్రి, పేరు మరియదాసు. వాళ్ల తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడి జూట్‌మిల్లుకి వచ్చిన కుటుంబం. మగ్గాల మోతలో బతుకంతా గడిపి, చెవులు సగం అక్కడే వదిలేసి రిటైరయ్యారు. పొద్దున బైబిలు చదువుకుని, తర్వాత టీవీ ముందు కూర్చునేవారు. ఒకటే ఛానెల్, వార్తలే. ఆయన చెవులకు వినపడాలంటే లైనంతటికీ వినపడాల్సిందే. దేశంలో ఏ మూల వంతెన కూలినా, ఎక్కడ రైలు పట్టాలు తప్పినా మా వీధికి తెలిసేది ఆయన వల్లే. వార్తలు చదివే అమ్మాయిలంటే ఆయనకి పాస్టరుగారంత గౌరవం. టీవీలో వచ్చిందంటే ఇక దానికి తిరుగులేదు.

ఒక పొద్దున నేను దారాలు కత్తిరిస్తున్నాను. టీవీలో నలుగురు మనుషులు నాలుగు గడుల్లో కూర్చుని అరుచుకుంటున్నారు.

"ఏటి మావయ్యా, ఎవరు పోయారు?" అని గట్టిగా అడిగాను.

"ఎవులూ పోలేదమ్మా. ఆ సీరియలు హీరో లేడూ, పెళ్లాన్ని ఫోన్లో అన్‌ఫాలో సేసేసాడట."

"దానికి నలుగురు కూకోని మాటాడాలా?"

"ఇది అయిపోనీ. అయిపోయాక మనది ఏస్తారేమో సూద్దాం."

అప్పటికే ఆయన ఛానెల్ నంబరుకి చాలాసార్లు ఫోన్ చేశారు. షెకైనా చేత నీలం నీళ్ల ఫొటోలు తీయించి పంపించారు. ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల మోగే పాటను ఓపిగ్గా వింటూ కూర్చునేవారు. ఆ పాట ఆయనకు సరిగా వినపడేది కూడా కాదు.

హీరోగారు మర్నాడు భార్యని మళ్లీ ఫాలో అయ్యాడు. దాని గురించి కూడా నలుగురూ కూర్చుని మాట్లాడారు. ఆ వారంలోనే లాక్‌గేటు దగ్గర ఒక ఆవు ఖాల్ నీళ్లు తాగి అక్కడికక్కడే పడిపోయింది. సాయంత్రం దాకా కాళ్లు కొట్టుకుంది. టీవీలో ఆ సాయంత్రం, ఏ మంత్రిగారింట్లో ఇలిశ చేపని ఎలా వండారో చూపించారు. ఆవాలు నూరడం దగ్గర్నుంచి.

మావయ్య అదీ చివరిదాకా చూశారు. మనది వస్తుందేమోనని.

* * *

రథయాత్ర వెళ్లిన మర్నాడు పెద్దవాన కురిసింది. తెల్లవారి చూస్తే లాక్‌గేటు దగ్గర ఖాల్ కనపడలేదు. నురగ. మనిషి నడుము ఎత్తున తెల్లగా, అక్కడక్కడా నీలి చారలతో పేరుకుని, గట్టు పొర్లి రోడ్డుమీదికి వచ్చేసింది. గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా లేచి తీగలమీద, కొట్ల రేకులమీద వాలుతోంది. కళ్లు మండే వాసన.

బజారులో కుర్రాడెవరో ఆ నురగని నెత్తిన పోసుకుని, హిందీ పాట పెట్టి వీడియో తీశాడు. మధ్యాహ్నానికల్లా అది కలకత్తా అంతా తిరిగిందట. మూడు దాటాక టీవీ వాళ్ల బండి వచ్చింది. నెత్తిన గొడుగులాంటి పళ్లెం ఉన్న బండి.

మావయ్య మొహం ఆ రోజు చూడాలి. "సూసావా అమ్మా? నాను సెప్పలేదేటి? ఆలీసంగానైనా వొచ్చీసారు!" అని పెట్టెలోంచి చర్చికి వేసుకునే తెల్లచొక్కా తీశారు. ఇస్త్రీ నలక్కుండా తొడుక్కుని, తల దువ్వుకుని బయల్దేరారు.

వచ్చిన అమ్మాయి పేరు తొర్షా. పాతికేళ్లుంటాయేమో. చేతిలో మైకు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. మావయ్య ఆమెను గొట్టం దాకా తీసుకెళ్లారు. ఆయన బంగ్లా చక్కగా మాట్లాడతారు, మిల్లు యూనియన్‌లో మాట్లాడిన మనిషి. కెమెరా ముందు తడబడకుండా అంతా చెప్పారు. కార్ఖానా ఎప్పుడొచ్చింది, నీళ్లు ఎప్పుడు రంగు మారాయి, చేపలు, బాతులు, ఆవు, పిల్లల కాళ్లు, మనవరాలి ఆయాసం. చెప్పి చెప్పి ఆగి, ఆమె కాళ్లవైపు చూపించారు.

"అమ్మా, నువ్వీ బూట్లు ఎందుకు తొడుక్కొచ్చావు? ఆ ఒక్కటీ చెప్పు టీవీలో. అదొక్కటి చెబితే చాలు, జనానికి అర్థమవుతుంది."

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. తల దించుకుని బూట్లవైపు చూసుకుంది. తర్వాత, "ఒక్క చిన్న ప్రశ్న దాదూ. మీరెప్పుడైనా డార్జిలింగ్ వెళ్లారా?" అంది.

మావయ్యకి ఆ ప్రశ్న ఎందుకో తెలియలేదు. పెద్దగా నవ్వేశారు. "మేమెక్కడికి వెళ్తామమ్మా, డార్జిలింగ్‌కి!"

కాసేపటికి నేను వెనక్కి తిరిగి చూశాను. కెమెరా పట్టుకున్నవాడు ఇందాకటిదాకా మావయ్యని తీసినవాడే, ఇప్పుడు గట్టుమీద పిల్లల్ని పోగేశాడు. "చేతుల నిండా తీసుకోండి. పైకి విసరండి. నవ్వాలి, నవ్వాలి! ఇంకోసారి!" అంటున్నాడు. పిల్లలు నురగలోకి దిగిపోయారు. మధ్యలో మా షెకైనా, బడి గౌనుతో, నడుం దాకా. చేతులు పైకెత్తి ఎగురుతోంది. నోట్లోకి పోతోంది నురగ.

నేను ఎలా పరిగెత్తానో తెలియదు. దాని రెక్క పట్టుకుని గట్టుమీదికి ఈడ్చాను.

"నీ కూతుర్ని దింపుతావా ఇందులో?" అని అరిచాను వాడిమీద. "చెప్పు, దింపుతావా?"

"దిదీ, ఇంకో రెండు నిమిషాలు," అన్నాడు వాడు, కంటికి కెమెరా తియ్యకుండానే. "లైటు చాలా బాగుంది."

చేతికి అందిన రాయి తీసుకున్నాను. సత్యవేణక్క నా చెయ్యి పట్టుకుంది. "వొద్దే లిల్లీ. పెద్దాయన మాట టీవీలో రావాల. ఇప్పుడు గొడవైతే అదీ రాదు."

రాయి కింద పడేశాను. షెకైనాని కుళాయి కిందికి లాక్కెళ్లి ఒళ్లంతా కడిగాను. అప్పటికే కాళ్లు ఎర్రగా పొంగుతున్నాయి.

* * *

సాయంత్రం లైనంతా మా ఇంట్లోనే. మంచంమీద, గుమ్మంలో, కిటికీ బయట కూడా జనం. మావయ్య తెల్లచొక్కా విప్పలేదు. ఆయిలు డిపోలో టాంకర్లు కడిగే పని నుంచి మా ఆయన కృపాకర్ కూడా పెందలాడే వచ్చేశాడు.

"బడ్జ్‌బడ్జ్‌లో మంచు పడింది!" అంది టీవీలో అమ్మాయి, పళ్లన్నీ కనిపించేలా. వెనక ఏదో గంటల సంగీతం. నురగలో పిల్లలు ఎగురుతున్నారు, నెమ్మదిగా, గాల్లో తేలుతున్నట్టు. మా షెకైనా మొహం తెరంతా నిండింది. తర్వాత మావయ్య. కోటలాంటి మనిషి, తెల్లచొక్కాలో, వెనక తెల్లటి నురగ. "మేమెక్కడికి వెళ్తామమ్మా, డార్జిలింగ్‌కి!" అని నవ్వారు. ఆ నవ్వుని మళ్లీ ఒకసారి తిప్పి చూపించారు. కింద అక్షరాల్లో వేశారు, 'బరఫ్ దాదు'. మంచు తాత.

అంతే. తర్వాత సబ్బు ప్రకటన.

కిటికీ బయట ఎవరో కుర్రాడు ఫక్కున నవ్వబోతే పక్కవాడు వాడి నెత్తిమీద ఒకటి ఇచ్చాడు.

"మిగతాది రేపు ఏస్తారు గావాల," అన్నారు మావయ్య కాసేపటికి.

"రేపు ఏసీది లేదు, ఏటీ లేదు," అన్నాడు కృపాకర్. "నాన్నా, మనల్ని ఎర్రోళ్లని సేసీసారు."

జనం ఒక్కొక్కరే లేచి వెళ్లారు. మావయ్య మాత్రం ప్రకటనలన్నీ అయ్యేదాకా తెరవైపే చూస్తూ కూర్చున్నారు.

తెల్లారేసరికి షెకైనా కాళ్లు బొబ్బలెక్కాయి. గుక్క తిప్పుకోలేక పెదాలు నీలంగా మారుతుంటే టోటో బండిలో, అదే బ్యాటరీ రిక్షాలో, ఆసుపత్రికి తీసుకెళ్లాం. ముక్కుకి మాస్కు పెట్టారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. పాప ఛాతీమీద గొట్టం పెట్టి విని, "ఏ నీళ్లలో దిగింది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన తలెత్తి, "అదేనా, టీవీలో చూపించిన మంచు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇల్లు మారగలరా?" అన్నాడు.

ఎక్కడికి మారాలి? ఆ మాట ఆయన్ని అడగలేదు గానీ, రెండు రోజులు ఆ మంచం పక్కన కూర్చుని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆదివారం కలకత్తా నుంచి జనం మంచు చూడ్డానికి వచ్చారు. కార్లలో వచ్చారు, పెళ్లి కావలసిన జంటలు ఫొటోగ్రాఫర్లతో వచ్చారు. మా వీధిలో ఎవరో ఐస్‌క్రీం బండి కూడా పెట్టారు. చర్చినుంచి తిరిగొస్తున్న మావయ్యని చూసి, "బరఫ్ దాదు! బరఫ్ దాదు!" అని చుట్టుముట్టి సెల్ఫీలు తీసుకున్నారు. చేతిలో బైబిలుతో ఆయన బిత్తరపోయి నిలబడ్డారట. సత్యవేణక్క చీపురు పట్టుకుని వచ్చి వాళ్లని తరిమింది.

* * *

"ఆ అమ్మికి పాప సంగతి తెలీదు కదా," అన్నారు మావయ్య మర్నాడు ఆసుపత్రి వరండాలో. "తెలిస్తే ఏస్తాది. మంచి పిల్ల. దాని మొహంలో తెలస్తాది. నాను ఎల్లి సెప్తాను."

"నాన్నా, ఇంకా ఆళ్లనే నమ్ముతున్నావా?" అన్నాడు కృపాకర్.

"ఒక్కసారి. ఇంకొక్కసారే ఎల్తాను."

ఆయన చెవులకు తోడు కావాలి. కృపాకర్‌ని పాప దగ్గర ఉంచి నేను కూడా వెళ్లాను. రైల్లో సియాల్దా, అక్కణ్ణుంచి బస్సులో న్యూటౌన్. అద్దాల మేడ. లోపల చల్లగా ఉంది. గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ అదే ఛానెల్. గేటు దగ్గర కాపలా మనిషి మావయ్యని చూడగానే గుర్తుపట్టి, "అరే, బరఫ్ దాదు!" అని ఫోన్ తీశాడు. మావయ్య ఫొటో తీయించుకున్నారు. లోపలికి పంపుతాడని.

చాలాసేపటికి తొర్షా కిందికి వచ్చింది. బూట్లు లేవు, మామూలు చెప్పులు. మమ్మల్ని చూసి ఆమె మొహం వాడిపోయింది.

మావయ్య అంతా మళ్లీ చెప్పారు. పాప ఆసుపత్రిలో ఉందని, ముక్కుకి మాస్కు పెట్టారని, కాళ్లు చూస్తే ఒకళ్లు కూడా నవ్వరని. ఫోన్లో ఫొటో చూపించారు. ఆమె ఆ ఫొటో చూసి చప్పున చూపు తిప్పుకుంది.

"దాదూ, నేను మొత్తం పంపించాను," అంది చిన్న గొంతుతో. "గొట్టం, మీ మాటలు, బూట్ల మాట కూడా. పైవాళ్లు కత్తిరించేశారు. కాలుష్యం అంటే జనం ఛానెల్ మార్చేస్తారు, మంచు అంటే చూస్తారు అన్నారు. నేనేం చెయ్యను?"

"ఇప్పుడు ఇది వెయ్యి," అన్నాను నేను. "పాప ఫొటో వెయ్యి."

"వెయ్యరు దిదీ." ఆమె చుట్టూ చూసింది. గొంతు ఇంకా తగ్గించింది. "ఎవరైనా... ఎవరైనా పోతే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి. అప్పుడు నేను గొడవపడి అయినా వేయిస్తాను. నిజంగా."

వెటకారం కాదు. ఆ పిల్ల మా మేలు కోరే చెప్పింది. అదే నా ఒళ్లు మండించింది.

మావయ్యకి ఆమె పెదాలు కదలడం కనిపించింది గానీ మాట వినపడలేదు. నా వైపు వంగారు. "ఏటంటాది అమ్మా?"

ఆ చల్లటి హాల్లో, గోడంతా టీవీలు మెరుస్తుంటే, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరవాల్సి వచ్చింది.

"ఎవులైనా సచ్చిపోతే ఫోన్ సెయ్యమంటాది మావయ్యా!"

కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. తెలుగు కాబట్టి వాళ్లెవరికీ అర్థం కాలేదు. తొర్షా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకి అర్థమై ఉంటుంది.

మావయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నారు. లేచి, ఆమెకి రెండు చేతులూ జోడించారు. "వస్తామమ్మా," అన్నారు బంగ్లాలో.

తిరుగు రైల్లోంచి మా స్టేషన్లో దిగాక ఆయన, "పాపని ఎప్పుడు ఇంటికి పంపుతామన్నారు?" అని అడిగారు.

"ఎల్లుండి."

"అయితే ఆ గొట్టం ఎల్లుండికి మూసీయాల," అన్నారు.

* * *

మావయ్యకి ఇంకా నడుస్తున్న మిల్లుల్లో తెలిసినవాళ్లున్నారు. పనికిరాని పాత గోనెసంచులు ఒక తోపుడు బండి నిండా తెచ్చారు. కృపాకర్ ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో వద్దంటూనే ఉన్నాడు. "నాన్నా, నా కంట్రాక్టు పోద్ది. లిల్లీ పని పోద్ది. కేసులు పెడతారు. మనం బతకాల కదా?" ఆయనకి అన్నీ వినపడ్డాయో లేదో తెలియదు. తలూపారు, అంతే.

పాప వచ్చే రోజు పొద్దున్నే లైన్లో ఆడవాళ్లమూ, రిటైరైన ముసలివాళ్లూ గొట్టం దగ్గరికి వెళ్లాం. కార్ఖానా ఇంకా తెరవలేదు. గొట్టంలోంచి సన్నగా కారుతోంది, అంతే. కాళ్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని దిగాం. గట్టు మట్టి తవ్వి సంచుల్లో నింపడం, మూతి కుట్టడం, చేతులు మార్చి కిందికి అందించడం. జూట్‌మిల్లు మనుషులకు సంచి మూతి కుట్టడం ఒకరు చెప్పాలా? మావయ్య గట్టుమీద కూర్చుని దబ్బనంతో వరసగా కుడుతూనే ఉన్నారు.

మట్టి చాల్లేదు. వానకి గట్టంతా బురదైపోయి, సంచులు జారిపోతున్నాయి. గొట్టం మూతి సగమే మూసుకుంది. లోపల యంత్రాలు మొదలైన చప్పుడు వినపడింది.

ఇంట్లోకి పరిగెత్తాను. గుమ్మంలో మూటలున్నాయి, దారాలు కత్తిరించాల్సినవి, కత్తిరించినవి. రెండు చేతులా ఈడ్చుకొచ్చాను.

"ఒలమ్మా లిల్లీ!" అంది సత్యవేణక్క. "కంట్రాక్టరు ఊరుకుంటాడేటే?"

"ఊరుకోడు," అన్నాను.

ప్యాంట్లని ఒక్కొక్కటి చుట్టచుట్టి గొట్టంలోకి కుక్కాను. దారాలు కత్తిరించినవీ, కత్తిరించనివీ. నా చేతులు ఎంత బలంగా కుక్కాయో నాకే ఆశ్చర్యం. అక్క కాసేపు చూసి, వాళ్లింటికి వెళ్లి తన మూటలు తెచ్చింది. వెనక ఇంకొకామె. నీళ్లు బరువుగా వచ్చి గుడ్డకి కొట్టుకుని, పొంగి, వెనక్కి తిరిగాయి.

అప్పుడే టోటో బండి వచ్చి రోడ్డుమీద ఆగింది. కృపాకర్ పాపని ఎత్తుకుని దిగాడు. గట్టుమీది నుంచి మా అందర్నీ చూశాడు. నన్ను చూశాడు. పాపని తీసుకెళ్లి సత్యవేణక్క అరుగుమీద కూర్చోబెట్టి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. వచ్చి నా పక్కన దిగి, పై సంచీని భుజంతో తోసిపట్టాడు.

మధ్యాహ్నానికి నీళ్లు కార్ఖానా లోపల మోకాళ్ల దాకా వచ్చాయట. వాళ్ల మనుషులు కర్రలతో వచ్చారు. మేం సంచులమీద కూర్చున్నాం. పోలీసులు వచ్చారు. మావయ్యనీ, కృపాకర్‌నీ, సత్యవేణక్కనీ, ఇంకొంతమందినీ బండెక్కించారు. మావయ్య చేతిలో దబ్బనం ఉంటే అది ఆయుధమని లాక్కున్నారు.

బండి ఇంకా కదలకముందే టీవీ బండి వచ్చింది. ఈసారి ఎవరూ పిలవలేదు. 'బరఫ్ దాదు అరెస్టు' అట, అందుకని. తొర్షా మైకుతో నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"దిదీ, ఒక్క మాట! ఇప్పుడు అందరూ చూస్తారు. చెప్పండి, ఏం జరిగింది?"

ఒళ్లంతా బురద. చేతులు మోచేతుల దాకా మండుతున్నాయి. అరుగుమీద నా కూతురు మాస్కు మెడలో వేలాడేసుకుని తాతని ఎక్కించిన బండివైపు చూస్తోంది.

"ఇంకా ఎవరూ పోలేదు," అన్నాను. "వెళ్లు."

ఆ పిల్ల మైకు దించేసింది. కెమెరావాడు మాత్రం నన్ను తీస్తూనే ఉన్నాడు. నేను వెళ్లి సంచులమీద కూర్చున్నాను. మిగిలిన ఆడవాళ్లు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

* * *

సాయంత్రానికి అందర్నీ వదిలిపెట్టారు. కేసు మాత్రం నడుస్తోంది, ఇప్పటికీ తారీఖులకు వెళ్లొస్తున్నారు. కంట్రాక్టరు నాకు పని మానిపించాడు. నేనిప్పుడు స్టేషను దగ్గర హోటల్లో రొట్టెలు చేస్తున్నాను. కృపాకర్ కంట్రాక్టు పోలేదు. ఎందుకు పోలేదో మాకు తెలియదు. అడగడానికి భయం.

గొట్టాన్ని ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. లోపల సరుకంతా తడిసి పాడైందని, కార్ఖానావాళ్లే గోడకన్నాన్ని ఇటుకలతో మూయించారు. ప్రభుత్వం వాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. కార్ఖానా మళ్లీ నడుస్తోంది. చాటుగా ఎక్కడికో టాంకర్లు వెళ్తున్నాయి. మా ఖాల్ నీలం పలచబడి, మామూలు మురికిరంగుకి వచ్చింది. దానికే పండగలా సంతోషించారు లైన్లోవాళ్లు.

మావయ్య టీవీ కట్టెయ్యమని ఎవరికీ చెప్పలేదు. కేబులు నెల డబ్బు అయిపోతే మళ్లీ కట్టలేదు, అంతే. మొదట్లో ఇల్లు వింతగా ఉండేది. ఆ మోత లేకపోయేసరికి, గదిలో ఏ మూల కూర్చున్నా షెకైనా ఊపిరి వినపడేది. లోపలికి పీల్చినప్పుడు సన్నగా ఈల. వదిలినప్పుడు ఇంకో ఈల. ఇన్నాళ్లూ ఆ నలుగురి అరుపుల కింద ఇది ఉండేదన్నమాట. మావయ్యకి అది వినపడదు. అందుకని ఆయన పాప వీపుమీద అరచెయ్యి పెట్టి చూస్తారు.

దుర్గాపూజల ముందు ఒక ఆదివారం, మేం చర్చినుంచి వచ్చేసరికి మా గుమ్మంలో ఒకామె కూర్చుని ఉంది. పేరు రెహానా. ఇదే రైలు దారిలో ఉన్న ఆక్రా వైపు నుంచి వచ్చింది. దారి అడుగుతూ అడుగుతూ వచ్చిందట. మంచినీళ్లిస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టేసింది.

"మా చెరువు నీలంగా అయింది," అంది బంగ్లాలో. "టాంకర్లు వచ్చి వంపేసి వెళ్తున్నాయి. మా అత్తగారు అందులో స్నానం చేసి ఒళ్లంతా కాలిపోయి పడుంది. టీవీవాళ్లకి ఫోన్ చేశాం. చెరువు రంగులో ఉందా, అయితే పడవలో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి వీడియో పంపండి, బాగుంటుంది అన్నారు."

నేను ఆమె మాటలన్నీ మావయ్య చెవిలో చెప్పాను. గట్టిగా, ఒక్కటీ వదలకుండా. మా దగ్గర మూతపడింది ఎక్కడ తెరుచుకుందో చెబుతుంటే నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది.

ఆయన మొహం ఎర్రబడింది. నేను పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో ఆయనకి అంత కోపం రావడం చూడలేదు. మంచంకోడు పట్టుకుని లేచారు.

"మీరు ఇక్కడ గొట్టం మూశారట," అంది రెహానా. "టాంకరుని ఎలా ఆపాలి దాదూ?"

"తెలియదమ్మా," అన్నారాయన. "మాకు గొట్టమే తెలుసు. మీ రోడ్డు ఎంత వెడల్పుంటుంది?"

ఆమె చేతులు చాపి చూపించింది. మావయ్య ఆ చేతులవైపు కాసేపు చూశారు. తర్వాత చెప్పులు వెతుక్కున్నారు.

కృపాకర్‌కి పాప మందు వేళ చెప్పి, నేను సత్యవేణక్కని కేకేశాను. అక్క అన్నం తింటున్నదల్లా కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుంటూ వచ్చింది. ఎక్కడికని కూడా అడగలేదు. మేం గుమ్మం దాటేసరికి మావయ్య రెహానాతో కలిసి స్టేషను రోడ్డెక్కేశారు. చర్చి చొక్కాలోనే ఉన్నారు. వెనక మేం వస్తున్నామో లేదో తిరిగి చూడకుండా, ఆ వయసులో, అంత గబగబా నడుస్తున్నారు.